సైకిలుపై దైనందిన ప్రయాణం

సైకిలుపై దైనందిన ప్రయాణం అంటే ఉద్యోగానికి, కూలిపనికి, బడికి, సంతకు, పొలానికి ప్రతిరోజూ సైకిలు తొక్కుతూ వెళ్లి రావడం. పందేల కోసం గాని, వ్యాయామం కోసం గాని, విహారం కోసం గాని తొక్కడం దీని పరిధిలోకి రాదు. విహారానికి వెళ్లే వ్యక్తి వాన వస్తే మానుకుంటాడు, చీకటి పడకముందే ఇల్లు చేరుకుంటాడు. రోజువారీ ప్రయాణికుడికి ఆ వెసులుబాటు లేదు. ఎండలో, వానలో, లారీల నడుమ, తరచుగా చీకటిలో, వెనుక బరువుతో అతడు ప్రయాణించవలసి ఉంటుంది. కాబట్టి సైకిలును ఉంచుకునే తీరు, రోడ్డుపై నడిపే తీరు అతడి ప్రాణానికి సంబంధించిన విషయాలు. ఈ వ్యాసం ముఖ్యంగా భారతదేశంలో, అందునా తెలుగు ప్రాంతాల్లో వాడే సాధారణ సైకిళ్లను దృష్టిలో ఉంచుకుని ఆ విషయాలను వివరిస్తుంది.

నేపథ్యం

రెండు చక్రాలు ఒకే పరిమాణంలో ఉండి, చైను ద్వారా వెనుక చక్రం తిరిగే సైకిలు 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ చేతిలో రూపుదిద్దుకుంది. 1888లో జాన్ బాయిడ్ డన్లప్ గాలి నింపిన రబ్బరు టైరును ప్రవేశపెట్టాడు. నేటి సైకిలులో ఈ రెండింటి స్వరూపం పెద్దగా మారలేదు. భారతదేశానికి మొదట ఇంగ్లండు నుండి సైకిళ్లు దిగుమతి అయ్యేవి. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత దేశంలోనే పెద్ద ఎత్తున తయారీ మొదలైంది. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనిపట్‌లో అట్లాస్, 1956లో లూథియానాలో హీరో సంస్థలు ఏర్పడ్డాయి. హెర్క్యులిస్, బి.ఎస్.ఏ., అట్లాస్, హీరో అనే పేర్లు తెలుగు పల్లెల్లో కొన్ని తరాలపాటు ఇంటి వస్తువుల పేర్లుగా వినిపించాయి. వీటిలో అట్లాస్ సంస్థ 2020 జూన్ 3న సాహిబాబాదులోని తన కర్మాగారంలో ఉత్పత్తిని నిలిపివేసింది. ఐక్యరాజ్య సమితి ప్రకటించిన ప్రపంచ సైకిలు దినోత్సవం కూడా అదే రోజు కావడం యాదృచ్ఛికం.

తెలుగులో సైకిలుకు ద్విచక్రవాహనం అనే మాట ఒకప్పుడు వాడుకలో ఉండేది. ఇప్పుడు ఆ మాటకు స్కూటరు, మోటారు సైకిలు అనే అర్థమే స్థిరపడిపోయింది. భాషలో వచ్చిన ఈ మార్పు రోడ్డుపై వచ్చిన మార్పుకు అద్దం పడుతుంది. అయినా సైకిలు మాయం కాలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 44.8 శాతం కుటుంబాలకు సైకిలు ఉంది. వ్యవసాయేతర పనులకు వెళ్లేవారిలో సుమారు 13 శాతం మంది సైకిలుపైనే వెళ్తున్నట్లు ఆ లెక్కలు చూపాయి. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య చట్టసభల సమావేశాలకు సైకిలుపై వెళ్లేవారన్న సంగతి తెలుగువారికి సుపరిచితమే. నేడు సైకిలుపై పనికి వెళ్లేవారిలో అధికులు భవన నిర్మాణ కూలీలు, కాపలాదారులు, పాలు, పేపర్లు వేసేవారు, చిన్న దుకాణాల్లో పనిచేసేవారు, విద్యార్థులు.

ఖర్చు విషయంలో సైకిలుతో పోల్చదగిన వాహనం మరొకటి లేదు. ఇంటి నుండి పనిచేసే చోటు 5 కిలోమీటర్ల దూరంలో ఉన్నదనుకుంటే, నెలకు 25 పనిదినాలలో 250 కిలోమీటర్లు తిరగవలసి ఉంటుంది. లీటరుకు 50 కిలోమీటర్లు నడిచే మోటారు సైకిలుకైతే ఇందుకు 5 లీటర్ల పెట్రోలు కావాలి. సైకిలుపై ఆ 5 కిలోమీటర్లు వెళ్లడానికి 20 నుండి 25 నిమిషాలు పడుతుంది. నగరంలో రద్దీ వేళల్లో బస్సు కోసం వేచి ఉండే సమయాన్ని కలుపుకుంటే సైకిలే ముందు చేరిన సందర్భాలు తక్కువేమీ కావు.

సైకిలు కొలతలు

సైకిలు కొనేటప్పుడు దుకాణదారులు చెప్పే అంగుళాలు రెండు రకాలు. 22 అంగుళాలు, 24 అంగుళాలు అని పెద్ద సైకిళ్ల విషయంలో చెప్పేది ఫ్రేము ఎత్తు. 26 అంగుళాలు, 28 అంగుళాలు అని చెప్పేది చక్రం వ్యాసం. ఈ తేడా తెలియక పొట్టివారు పెద్ద ఫ్రేము సైకిలు కొని ఇబ్బంది పడటం కద్దు. ఫ్రేము అడ్డబద్దకు ఇరువైపులా కాళ్లు పెట్టి నిలబడినప్పుడు రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. అలా ఆనకపోతే ఆ ఫ్రేము ఆ మనిషికి తగదు.

సీటు ఎత్తు చూసుకునే పద్ధతి తేలికైనది. సీటుపై కూర్చుని, అట్టడుగుకు వచ్చిన పెడలుపై మడమ ఆనించినప్పుడు కాలు నిటారుగా ఉండాలి. పాదం ముందుభాగంతో తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు. సీటు మరీ కిందకు ఉంటే ప్రతి తొక్కుడుకూ మోకాలు ఎక్కువగా మడవవలసి వచ్చి, కొన్నాళ్లకు నొప్పి మొదలవుతుంది. సైకిలు తొక్కితే మోకాళ్లు అరుగుతాయని చెప్పుకునేవారిలో చాలామంది సీట్లు రెండంగుళాలు కిందకు ఉంటాయి. కొత్తగా నేర్చినవారు మాత్రం ధైర్యం వచ్చేవరకు కాలివేళ్లు నేలకు అందేటంత ఎత్తులో ఉంచుకోవడమే మంచిది.

గేర్లు లేని సైకిలు ఒక్కో తొక్కుడుకు ఎంత దూరం పోతుందో సులభంగా లెక్కించవచ్చు. ఉదాహరణకు ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్లు ఉంటే, పెడలు ఒక చుట్టు తిరిగేసరికి వెనుక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రానికి అది సుమారు ఐదున్నర మీటర్లు. నిమిషానికి 45 తొక్కుళ్లతో గంటకు 15 కిలోమీటర్ల వేగం వస్తుంది. చదునైన కోస్తా డెల్టా ప్రాంతానికి, కాలువ గట్ల దారులకు ఈ ఏర్పాటు చక్కగా సరిపోతుంది. విశాఖపట్నం, హైదరాబాదులోని బంజారా హిల్స్ వంటి ఎత్తుపల్లాల ప్రాంతాల్లో రోజూ తిరిగేవారికి గేర్ల సైకిలు ప్రయోజనకరం. అది లేనప్పుడు ఎత్తు ఎక్కేచోట దిగి నడిపించుకుని వెళ్లడంలో నామోషీ ఏమీ లేదు. పెడలుపై లేచి నిలబడి అటూ ఇటూ ఊగుతూ తొక్కేటప్పుడు వెనుక నుండి వచ్చే వాహనాలకు సైకిలు ఎటు కదులుతుందో అర్థం కాదు.

టైర్లలో గాలి

రోజూ సైకిలు వాడేవారు ఒక్క జాగ్రత్త మాత్రమే తీసుకోగలిగితే అది టైర్లలో గాలి చూసుకోవడమే కావాలి. ట్యూబు రబ్బరు గుండా గాలి నెమ్మదిగా తగ్గుతూనే ఉంటుంది. పంక్చరు లేకపోయినా వారం పది రోజులకు టైరు మెత్తబడుతుంది. మెత్తని టైరు నేలకు ఎక్కువ మేర అంటుకుని ప్రతి తొక్కుడును బరువు చేస్తుంది. "సైకిలు బరువుగా పోతోంది" అని చైనుకు నూనె వేయించుకునేవారు ముందుగా గాలి చూసుకోవడం మేలు.

గాలి తక్కువైతే శ్రమ ఒక్కటే కాదు, నష్టం కూడా ఉంది. గుంతలోనో రాయిపైనో పడినప్పుడు మెత్తని టైరు పూర్తిగా అణగిపోయి ట్యూబు రిమ్ముకు, రాయికి మధ్య నలుగుతుంది. అప్పుడు ట్యూబుకు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. పాము కాటును పోలిన ఈ జంట చిల్లులు కనిపిస్తే తప్పు ముల్లుది కాదు, గాలిది అని గ్రహించాలి. టైరు అంచు నలిగి చీలడం, రిమ్ము సొట్టపోవడం, పుల్లలు తెగడం కూడా ఇందువల్లనే జరుగుతాయి. శరీర భారంలో ఎక్కువ భాగం వెనుక చక్రంపై పడుతుంది కాబట్టి వెనుక టైరులో గాలి కొంత ఎక్కువ ఉండాలి. క్యారియరుపై బరువు పెట్టేవారికి ఇది మరీ ముఖ్యం. ఎంత ఒత్తిడి వరకు నింపవచ్చో టైరు పక్కభాగంపై ముద్రించి ఉంటుంది. కొలిచే సాధనం లేనివారు బొటనవేలితో గట్టిగా నొక్కి చూడాలి. పక్కభాగం కొంచెంగా మాత్రమే లొంగాలి. మనిషి ఎక్కి కూర్చున్నప్పుడు టైరు అడుగున ఉబ్బి వెడల్పైతే గాలి చాలనట్లే.

మన సాధారణ సైకిళ్ల వాల్వులో ఒక సన్నని రబ్బరు గొట్టం ఉంటుంది. గాలి కొట్టినప్పుడు ఆ రబ్బరు వదులై గాలిని లోపలికి పోనిస్తుంది, కొట్టడం ఆపగానే మూసుకుంటుంది. ఎండకు ఈ రబ్బరు ఎండి పగులుతుంది. రాత్రి నింపిన గాలి తెల్లవారేసరికి పోతూ ఉంటే ట్యూబు విప్పించే ముందు వాల్వుపై కొద్దిగా ఉమ్మి గాని, నీటి చుక్క గాని వేసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. బుడగలు వస్తే ఆ రబ్బరు ముక్క మార్చితే సరిపోతుంది. బడి ఆవరణలో ఆకతాయి పిల్లలు మొదట లాగేసేదీ దానినే. దాని ఖరీదు అత్యల్పం కనుక ఒకటి రెండు ముక్కలు సీటు కింద సంచిలో ఉంచుకోవడం అలవాటు చేసుకోవాలి.

పంక్చరు

తెలుగు నేలపై పంక్చర్లకు ప్రధాన కారణాలు తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు. సర్కారు తుమ్మ వ్యాపించిన రాయలసీమ, పల్నాడు, తెలంగాణ మెట్ట ప్రాంతాల్లో కంచె కొట్టిన రోజుల్లో రోడ్డు అంచున వెళ్లడం పంక్చరును పిలిచి తెచ్చుకోవడమే. నగరాల్లో మేకులు, గాజు పెంకులు ఆ పని చేస్తాయి.

పంక్చరు వేయడం ఎవరైనా నేర్చుకోదగిన పని. ముందు చక్రానికి ఒకవైపు టైరు అంచును లివర్లతో పైకి తీసి ట్యూబును బయటకు లాగాలి. చక్రాన్ని విప్పనవసరం లేదు. ట్యూబులో గాలి నింపి నీళ్ల తొట్టిలో ముంచుతూ పోతే చిల్లు ఉన్నచోట బుడగలు వస్తాయి. ఆ చోట గుర్తు పెట్టి, తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్దాలి. సొల్యూషను పలుచగా పూసి, వేలికి అంటుకోనంతవరకు ఆరిన తరువాతే ముక్క అతికించాలి. తడి సొల్యూషనుపై అతికించిన ముక్క త్వరగా ఊడిపోతుంది. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. మరొక పొరపాటు టైరు లోపల చూడకపోవడం. గుచ్చుకున్న ముల్లు టైరులోనే ఉండిపోతే కొత్తగా వేసిన పంక్చరు పక్కనే మరుసటి రోజు ఇంకో చిల్లు పడుతుంది. లోపలి భాగాన్ని గుడ్డతో తడిమి చూడాలి. ఉత్త చేతితో తడిమితే ముల్లు వేలిలో దిగవచ్చు. టైరు చీలి ఉంటే ఆ చోట లోపలి నుండి పాత టైరు ముక్క ఒకటి పెట్టి కొన్ని రోజులు నెట్టుకురావచ్చు గాని, దానిని నమ్మి దూరప్రయాణం చేయరాదు.

బ్రేకులు

గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్లే సైకిలు సెకనుకు నాలుగు మీటర్లకు పైగా కదులుతుంది. అడ్డం వచ్చిన దానిని చూసి చేయి బ్రేకుపై పడేసరికి సుమారు ఒక సెకను గడుస్తుంది. ఆ తరువాత మంచి బ్రేకు ఉన్న సైకిలు మరో మూడు మీటర్లలో ఆగుతుంది. అంటే పొడి రోడ్డుపై కూడా ఏడు మీటర్ల దూరం కావాలి. ముందు వెళ్తున్న ఆటోకు రెండు మీటర్ల దూరంలో అంటిపెట్టుకుని వెళ్లేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

పాత పద్ధతి సైకిళ్లలో ఇనుప కడ్డీల ద్వారా పనిచేసే బ్రేకులు ఉంటాయి. వీటి రిమ్ములు ఉక్కుతో చేసినవి. ఉక్కు రిమ్ము తడిస్తే రబ్బరు కట్టలు జారిపోయి బ్రేకు చాలా బలహీనపడుతుంది. వానలో ఆగవలసిన చోటికి బాగా ముందుగానే బ్రేకును మెల్లగా రెండు మూడు సార్లు తాకించి రిమ్ముపై నీటిని తుడుచుకోవాలి. అప్పుడు గాని అసలు పట్టు దొరకదు. వానలో తొక్కేవారు వేగాన్ని సగానికి తగ్గించుకోవడం తప్ప వేరే మార్గం లేదు.

ముందు బ్రేకుకు ఆపే శక్తి ఎక్కువ. ఆగేటప్పుడు శరీర భారం ముందుకు ఒరగడమే ఇందుకు కారణం. అయితే దానిని ఒక్కసారిగా బిగిస్తే, ముఖ్యంగా ఇసుకపై, చక్రం జారుతుంది. రెండు బ్రేకులనూ కలిపి, క్రమంగా నొక్కడం అలవాటు కావాలి. బ్రేకు కట్టలను పట్టి ఉంచే ఇనుప డొప్పకు ఒక చివర మూసి, మరో చివర తెరిచి ఉంటుంది. చక్రం తిరిగే దిశలో మూసిన చివర ఉండేటట్లు బిగించాలి. తలకిందులుగా బిగిస్తే గట్టిగా బ్రేకు వేసిన క్షణంలో కట్ట జారి బయట పడిపోతుంది. అవసరం అత్యధికంగా ఉన్న క్షణం అదే. కట్టలు మార్పించుకున్న ప్రతిసారీ దుకాణం వద్దనే ఈ విషయం సరిచూసుకోవాలి.

చైను, ఇతర భాగాలు

చైనును మధ్యలో వేలితో ఎత్తినప్పుడు అర అంగుళం మేర కదలాలి. అంతకంటె వదులుగా ఉంటే గతుకుల్లో ఊడిపోతుంది, బిగుతుగా ఉంటే బేరింగులు అరుగుతాయి. వెనుక చక్రం నట్లు వదులు చేసి చక్రాన్ని వెనుకకు జరిపి సరిచేయవచ్చు. చక్రం ఫ్రేముకు సరిగ్గా మధ్యలో ఉండేటట్లు చూసుకోవాలి. చైనుకు నూనె చుక్కలుగా వేసి, పైన మిగిలినది గుడ్డతో తుడవాలి. ఎక్కువ నూనె దుమ్మును పట్టి గరుకు పిండిలా మారి చైనునే అరగదీస్తుంది. వంట నూనెలు జిగురుగా మారతాయి కాబట్టి పనికిరావు.

పెడలు తొక్కినప్పుడల్లా 'టక్' మని శబ్దం వస్తూ ఉంటే తరచుగా కట్టరు పిన్ను వదులైనట్లు. దానిని అలాగే వదిలేస్తే పిన్నుతో పాటు ఇరుసు కూడా పాడవుతుంది. ఏడాదికి ఒకసారి, వీలైతే వానాకాలం ముగియగానే, భాగాలన్నీ విప్పి, కిరసనాయిలుతో కడిగి, కొత్త గ్రీజు పెట్టించాలి. ఓవర్‌హాలింగు అనే ఈ పనికి జనం నోట 'ఓవరాయిలింగు' అనే పేరు స్థిరపడింది. చేసే పనిని బట్టి చూస్తే ఆ పేరూ అతికినట్లే ఉంది.

రోడ్డుపై నడిపే తీరు

సైకిలును రోడ్డుకు ఎడమవైపున నడపాలన్నది అందరికీ తెలిసినదే. అయితే ఎడమవైపు అంటే మరీ అంచు అని అర్థం కాదు. తారు రోడ్డు అంచున ఇసుక పేరుకుని ఉంటుంది, మురుగు కాలువల జాలీలు ఉంటాయి, తారుకు మట్టికి మధ్య మెట్టులా తేడా ఉంటుంది. చక్రం ఆ మెట్టు దిగిన తరువాత వేగం తగ్గించకుండా, ఏటవాలుగా పైకి ఎక్కించబోతే అది అంచును రాసుకుంటూ జారి మనిషిని రోడ్డువైపే పడవేస్తుంది. అంచుకు సుమారు ఒక మీటరు లోపలగా, నిలకడగా, సరళరేఖలో వెళ్లడం క్షేమకరం. ఇలా వెళ్లే సైకిలును వెనుక వాహనాలు చుట్టి పోతాయి. అంచున దూరుతూ, గుంత వచ్చినప్పుడల్లా హఠాత్తుగా బయటకు వచ్చే సైకిలును అవి అంచనా వేయలేవు.

నిలిపి ఉన్న కార్లు, ఆటోల పక్కగా వెళ్లేటప్పుడు ఒక తలుపు వెడల్పు దూరం ఉంచాలి. అకస్మాత్తుగా తెరిచిన తలుపు తగిలి పడేవారికి అసలు ప్రమాదం ఆ తలుపు కాదు, వెనుక నుండి వస్తున్న మరో వాహనం.

కూడళ్ల వద్ద ఆగి ఉన్న బస్సుకు, లారీకి ఎడమవైపు సందులో దూరి ముందుకు పోవడం అన్నిటికంటె ప్రమాదకరమైన అలవాటు. పెద్ద వాహనం ఎడమకు తిరిగేటప్పుడు దాని వెనుక చక్రాలు ముందు చక్రాల దారిలో కాక, మరింత లోపలగా మూలను కోసుకుంటూ వెళ్తాయి. ఆ సందులో ఉన్న సైకిలు డ్రైవరుకు అద్దంలో కనిపించదు. ఖాళీ ఉన్నా సరే, పెద్ద వాహనం వెనుకనే ఆగాలి. డ్రైవరు ముఖం తన అద్దంలో కనిపించకపోతే తాను కూడా డ్రైవరుకు కనిపించడం లేదని సైకిలు ప్రయాణికుడు లెక్కించుకోవాలి.

కుడివైపు తిరగవలసినప్పుడు ముందుగా వెనుకకు చూసి, కుడిచేయి చాచి, దారి దొరికిన తరువాతే జరగాలి. నాలుగు వరుసల రహదారులపై అలా జరగడం సాహసమే అవుతుంది. అక్కడ ఎడమవైపునే కూడలి దాటి, ఆగి, సైకిలు దిగి, నడిపిస్తూ అడ్డంగా దాటడం ఉత్తమం. రైలు పట్టాలను ఏటవాలుగా దాటితే చక్రం సందులో ఇరుక్కుంటుంది. నిలువుగా, నేరుగా దాటాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడపరాదు. వెనుకవైపు చూడలేని సైకిలు ప్రయాణికుడికి చెవులే అద్దం.

రాత్రి ప్రయాణం

రోజువారీ ప్రయాణికుడిని ఎక్కువగా భయపెట్టవలసినది చీకటి. భారతదేశంలో ఏటా నాలుగు వేలమందికి పైగా సైకిలు ప్రయాణికులు రోడ్డు ప్రమాదాల్లో మరణిస్తున్నట్లు కేంద్ర రవాణా శాఖ నివేదికలు తెలుపుతున్నాయి. 2019లో ఆ సంఖ్య 4,168.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఒక లారీ, 15 కిలోమీటర్ల వేగంతో ఒక సైకిలు ఒకే దిశలో వెళ్తున్నాయనుకుందాం. లారీ సైకిలును సెకనుకు పన్నెండున్నర మీటర్ల చొప్పున సమీపిస్తుంది. ముదురు రంగు దుస్తులు ధరించి, దీపం లేకుండా వెళ్తున్న మనిషి 25 మీటర్ల దూరంలో కనిపించాడనుకుంటే డ్రైవరుకు మిగిలిన వ్యవధి రెండు సెకన్లు. అదే మనిషి సైకిలు వెనుక ఎర్రని దీపమో, రిఫ్లెక్టరో ఉండి 150 మీటర్ల నుండి కనిపిస్తే పన్నెండు సెకన్లు. ఎదురుగా వచ్చే వాహనం దీపాలు కళ్లలో పడుతున్నప్పుడు మొదటి సందర్భంలోని రెండు సెకన్లు కూడా ఉండవు. కొద్దిపాటి ఖర్చుతో దొరికే ఒక చిన్న ఎర్రబిళ్లకు ఉన్న విలువ ఈ పది సెకన్లే.

పూర్వం సైకిలుకు కిరసనాయిలు దీపం, తరువాతి కాలంలో టైరుకు రాసుకుని తిరిగే డైనమో దీపం ఉండేవి. దీపం లేకుండా రాత్రిపూట పట్టుబడినవారికి పోలీసులు జరిమానా వేసేవారు. ఆ భయం పోవడంతో దీపమూ పోయింది. డైనమోకు ఒక లోపం ఉంది. సైకిలు ఆగితే దీపమూ ఆరిపోతుంది. కూడలి మధ్యలో ఆగిన మనిషి చీకటిలో కలిసిపోతాడు. బ్యాటరీతో పనిచేసే ఎల్.ఇ.డి. దీపాలకు ఆ లోపం లేదు. ముందు తెల్లదీపం దారి చూడటానికి ఎంత అవసరమో, ఎదుటివారికి కనబడటానికి అంతే అవసరం. వెనుక దీపం లేదా రిఫ్లెక్టరు అంతకంటె ముఖ్యం. వెనుక నుండి వచ్చే వాహనాన్ని తప్పించుకునే అవకాశం ప్రయాణికుడి చేతిలో ఉండదు.

రిఫ్లెక్టరు తనంత తాను వెలగదు, తనపై పడిన కాంతిని వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. దానిపై బురద, దుమ్ము పేరుకుంటే ఉన్నా లేనట్లే. వారానికి ఒకసారి తడిగుడ్డతో తుడవాలి. క్యారియరుపై గోనె సంచి వేలాడి దానిని కప్పివేయకుండా చూసుకోవాలి. పెడళ్లకు ఉండే పసుపు రిఫ్లెక్టర్లు పైకీ కిందకీ కదులుతూ ఉంటాయి కనుక అది సైకిలేనని డ్రైవరుకు వెంటనే స్ఫురిస్తుంది. వెనుక మడ్‌గార్డు చివర తెల్లరంగు వేయడం కూడా ఈ ఉద్దేశంతో వచ్చినదే. ఆ రంగు వెలిసిపోతే మళ్లీ వేయించాలి. సైకిళ్లకు అమర్చే రిఫ్లెక్టర్ల నాణ్యతపై కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రత్యేకంగా ఒక ఉత్తర్వు వెలువరించింది. దుస్తుల్లో తెలుపు, లేత పసుపు రంగులు మేలు. తెల్లని తువ్వాలు వీపుపై కప్పుకున్నా కొంత ప్రయోజనం ఉంటుంది.

తెలుగు ప్రాంతాల్లో ప్రత్యేకంగా చెప్పుకోవలసిన మరో ప్రమాదం రోడ్డుపై ధాన్యం. కోతల కాలంలో రైతులు కళ్లాలు లేక వరి, మొక్కజొన్న, జొన్న కంకులను రోడ్లపై ఎండబోస్తారు. రాత్రివేళ ఆ రాశులపై నల్లని పట్టాలు కప్పి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. నల్లని రోడ్డుపై నల్లని పట్టా చీకటిలో కనిపించదు. ఆ నెలల్లో పల్లె రోడ్లపై రాత్రి ప్రయాణం తప్పనిసరైతే ముందు దీపం లేకుండా బయలుదేరరాదు.

ఎండ, వాన, గాలి

పల్నాడులోని రెంటచింతల వంటి చోట్ల వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంది. అటువంటి రోజుల్లో మధ్యాహ్నపు ప్రయాణం మానుకోవాలి. తప్పనిసరి అయితే తలపై తడి తువ్వాలు, దారిలో మజ్జిగ లేదా ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు అవసరం. చెమట పట్టడం ఆగిపోయి తల తిరిగితే వెంటనే దిగి నీడకు చేరాలి. అది వడదెబ్బ లక్షణం.

కోస్తా జిల్లాల్లో మధ్యాహ్నం నుండి సాయంత్రం వరకు సముద్రం వైపు నుండి గాలి వీస్తుంది. ఆ వేళలో తూర్పుగా ఇంటికి వెళ్లేవారికి ఎదురుగాలి తప్పదు. వారు ప్రయాణానికి మరికొంత సమయం కేటాయించుకోవాలి. నడుము వంచి తొక్కితే గాలి ఒత్తిడి కొంత తగ్గుతుంది.

వానలో నగర రోడ్లపై నిలిచిన నీటిలోకి సైకిలు దింపరాదు. నీటి కింద మూత లేని మ్యాన్‌హోలు ఉన్నదో లేదో పైనుండి తెలియదు. గొడుగు పట్టుకుని ఒంటిచేత్తో నడిపేవారు రెండు బ్రేకుల్లో ఒకదానిని వదులుకున్నట్లే. వానకోటు వాడాలి, దాని అంచు చక్రంలో పడకుండా చూసుకోవాలి.

బరువులు, దుస్తులు

క్యారియరుపై బరువు రెండు వైపులా సమానంగా, వీలైనంత కిందకు ఉండాలి. పాలక్యాన్లు మోసేవారు ఒకవైపు ఖాళీ అయినప్పుడు రెండో క్యానులో పాలు పంచుకుని పోయడం ఇందుకే. హ్యాండిలుకు వేలాడదీసిన సంచి ఊగి ముందు చక్రం పుల్లల్లో పడితే చక్రం ఒక్కసారిగా బిగుసుకుని మనిషి తలకిందులుగా పడతాడు. బరువైనవి ఏవీ హ్యాండిలుకు తగిలించరాదు. వెనుక కూర్చున్న పిల్లల పాదాలు పుల్లల్లో పడి గాయపడటం చాలా సాధారణం. చక్రానికి ఇరువైపులా జాలీ, పాదాలు ఆనించుకోవడానికి మెట్లు తప్పక ఉండాలి. చీర కొంగు, చున్నీ, పంచె అంచు బిగించి కట్టుకోవాలి. చైను కవరు పూర్తిగా ఉన్న సైకిలు దుస్తులకు శ్రేయస్కరం. హెల్మెట్ సైకిలుకు చట్టరీత్యా తప్పనిసరి కాదు గాని, పడినప్పుడు తలకు రక్షణనిస్తుంది.

ప్రత్యేక దారులు

హైదరాబాదు బాహ్యవలయ రహదారి పక్కన 23 కిలోమీటర్ల పొడవున, పైన సౌర ఫలకల కప్పుతో నిర్మించిన సైకిలు మార్గం 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు ప్రాంతాలను కలిపే ఈ మార్గం చూడముచ్చటైనది. నగరం మధ్యలో ఇంటి నుండి పనికి వెళ్లే కూలీకి, కాపలాదారుకు మాత్రం అది దారిలో పడదు. వారికి అవసరమైనది పాత రోడ్ల పక్కన ఒక మీటరున్నర జాగా. నిలిపిన వాహనాలు, తోపుడు బండ్లు దానిని ఆక్రమించకుండా ఉండాలి.

దొంగతనం నుండి రక్షణ

వెనుక చక్రానికి ఉండే గుండ్రని తాళం సైకిలును తొక్కకుండా ఆపగలదు గాని, ఎత్తుకుపోకుండా ఆపలేదు. గొలుసుతో ఫ్రేమును స్తంభానికి గాని, ఇనుప కటకటాలకు గాని కట్టాలి. ఫ్రేముపై ముద్రించిన సంఖ్యను కొన్న రోజే రాసి పెట్టుకోవాలి. ఫిర్యాదు చేయడానికి, దొరికిన సైకిలు తనదేనని నిరూపించుకోవడానికి ఆ సంఖ్య, రసీదు ఆధారాలు.

చట్టం, పరిహారం

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సైకిలు మోటారు వాహనం కాదు. కనుక లైసెన్సు, రిజిస్ట్రేషను అవసరం లేదు. ఒకప్పుడు పురపాలక సంఘాలు, పంచాయతీలు సైకిలుకు ఏటా పన్ను వసూలు చేసి లోహపు బిళ్ల ఇచ్చేవి.

మోటారు వాహనం ఢీకొని సైకిలు ప్రయాణికుడు గాయపడినా, మరణించినా అతడు లేదా అతడి కుటుంబం మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునలును ఆశ్రయించవచ్చు. ఆ వాహనానికి ఉన్న బీమా నుండి పరిహారం లభిస్తుంది. సైకిలుకు బీమా లేకపోవడం ఇందుకు అడ్డు కాదు. ఢీకొన్న వాహనం ఆచూకీ తెలియని సందర్భాల్లో కూడా పరిహారం ఉందన్న సంగతి చాలామంది పేద కుటుంబాలకు తెలియదు. 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన పథకం ప్రకారం అటువంటి ప్రమాదంలో మరణం సంభవిస్తే 2 లక్షల రూపాయలు, తీవ్రంగా గాయపడితే 50 వేల రూపాయలు చెల్లిస్తారు. అంతకుముందు ఈ మొత్తాలు 25 వేలు, 12,500 రూపాయలు మాత్రమే. దరఖాస్తును ప్రమాదం జరిగిన ప్రాంతపు రెవెన్యూ అధికారికి సమర్పించాలి.

ప్రమాదం జరిగిన వెంటనే 108 నంబరుకు ఫోను చేసి, సంఘటనను పోలీసు స్టేషనులో నమోదు చేయించాలి. గాయం చిన్నదని నమోదు చేయించకుండా ఇంటికి వెళ్లిపోయినవారు, ఆ తరువాత దెబ్బ ముదిరితే పరిహారం కోరడానికి ఆధారం లేక ఇబ్బంది పడతారు. ఎఫ్.ఐ.ఆర్. నకలు, ఆసుపత్రి కాగితాలు, మందుల రసీదులు భద్రపరచాలి. దెబ్బతిన్న సైకిలును వెంటనే బాగుచేయించరాదు. ముందుగా దాని ఫోటోలు తీయించి ఉంచుకోవాలి.